డబ్బా మీది అంకె, ట్యాంకులోని నీళ్లు

"అన్నా, నాలుగడుగుల మెరైన్‌కి ఎంత పంప్ వెయ్యాలి?"

షాపులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ నన్నడిగే మొదటి ప్రశ్న ఇదే. కస్టమర్ వాణ్ని అడుగుతాడు, వాడు నన్నడుగుతాడు. నేను నోరు విప్పేలోపే వాడు డబ్బా తిప్పి చదివేస్తాడు: "మూడు వేల ఎల్‌పీహెచ్ ఉందన్నా, ఇచ్చేస్తున్నా." బిల్లు కొట్టేస్తారు. మూడు నెలలు గడిచాక రాయి వెనకాల ఎర్రటి జిగురు పాకుతుంది, ఇసుక ఒక మూలకి గుట్టపడుతుంది, క్లౌన్ చేప హీటర్ వెనక్కి దూరి బయటికి రానంటుంది. అప్పుడు ఫోన్ షాపుకి కాదు, సర్వీసుకి వెళ్లే మనకి వస్తుంది.

హైదరాబాద్‌లో మంచినీటి ట్యాంకుల సర్వీసు చేసుకుంటూ ఇప్పుడిప్పుడే ఉప్పునీటి వైపు వస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గోల్డ్‌ఫిష్ ట్యాంకులో మీకు తెలిసిన పని చాలావరకు ఇక్కడా పనికొస్తుంది. ఫ్లో విషయంలో మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఎందుకంటే ఉప్పునీరు ఆక్సిజన్‌ని తక్కువ పట్టుకుంటుంది. 26 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగించుకోగలిగితే, సముద్రపు నీళ్లు 6.6 దగ్గరే ఆగిపోతాయి. వేడి పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. ఏప్రిల్లో ఏసీ ఆపేసి ఆఫీసుకి వెళ్లిన ఇంట్లో ట్యాంక్ 30 డిగ్రీలకు చేరితే 6.2 దాకా పడిపోతుంది. పైగా మెరైన్‌లో చేప ఖరీదెక్కువ, ఓర్పు తక్కువ. ఇంకోటి, ఇక్కడ అసలు ఫిల్టర్ రాయి. రాళ్ల రంధ్రాల్లో ఉండే బ్యాక్టీరియానే చేప విసర్జించే అమ్మోనియాని తింటుంది. నీళ్లు రాయి దగ్గరికి వెళ్లకపోతే దానికి తిండి చేరదు, ఆక్సిజన్ కూడా అందదు. ఎంత రాయి పేర్చినా అది షోకేసే.

అసలు సముద్రంలో నీళ్లు ఎలా కదులుతాయో ఎప్పుడైనా ఒంటితో తెలుసుకున్నారా? విశాఖ వెళితే రుషికొండ దగ్గర మోకాలి లోతులో ఒక ఐదు నిమిషాలు కదలకుండా నిలబడండి. అల వచ్చి తోస్తుంది, క్షణం ఆగుతుంది, తర్వాత వెనక్కి గుంజుతుంది. గుంజినప్పుడు మడమల కింద ఇసుక జారిపోతుంది. మళ్లీ వచ్చే అల అదే కోణంలో రాదు, అంతే బలంగానూ రాదు. ఇప్పుడు మన ట్యాంకులో పెట్టిన పంప్‌ని చూడండి: ఇరవై నాలుగు గంటలూ ఒకే చోటికి, ఒకే బలంతో కొడుతూ ఉంటుంది. ఎదురుగా ఉన్న చేపకి అది ముఖం మీద పెట్టిన పెడస్టల్ ఫ్యానే. పక్కన మూలలో ఉన్న మడ్డికి దాని గాలి కూడా తగలదు. అందుకే ఉప్పునీటి ట్యాంకులో 'ఎంత' అనే ప్రశ్నకంటే ముందు 'ఎలా' అన్నది రావాలి. కాకపోతే లెక్క తెలియకుండా ఎలా అన్నదీ రాదు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల చిల్లర చొప్పున 255 లీటర్లు. కానీ అద్దం మందం తీసెయ్యాలి, పైన వదిలిన రెండంగుళాలు తీసెయ్యాలి, రాయి, ఇసుక ఆక్రమించిన చోటు తీసెయ్యాలి. చేతికి మిగిలేది 200 నుంచి 210. నేను ట్యాంక్ మొదటిసారి నింపేటప్పుడే 20 లీటర్ల క్యాన్లు లెక్కపెట్టి క్యాబినెట్ తలుపు లోపలి వైపు మార్కర్‌తో రాసేస్తాను. తర్వాత మందు వెయ్యాలన్నా, ఉప్పు కలపాలన్నా, పంప్ మార్చాలన్నా ఆ అంకే ఆధారం.

ఇక పంపులు. మెరైన్ ట్యాంకులో రెండు రకాల ఫ్లో ఉంటుంది. కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి తికమకపడతారు. ఒకటి, ట్యాంక్ కింద ఉండే సంప్ తొట్టె నుంచి పైకి నీళ్లు తోసే రిటర్న్ పంప్. రెండోది, ట్యాంక్ లోపల నీళ్లని కదిలించే వేవ్‌మేకర్. రిటర్న్ పంప్ పని నీళ్లని స్కిమ్మర్, హీటర్ దగ్గరికి తీసుకెళ్లి తీసుకురావడం. దానికి గంటకి ట్యాంక్ నీళ్లకు మూడు నుంచి ఐదు రెట్లు చాలు. 210 లీటర్లకి వెయ్యి లీటర్లు అనుకోండి. అంతకంటే ఉరికిస్తే సంప్‌లో బుడగలు, ఓవర్‌ఫ్లో పైపులో రాత్రంతా గుడగుడ శబ్దం. హాల్లో ట్యాంక్ పెట్టుకున్నాయన "నిద్రపట్టడం లేదండీ" అని ఫోన్ చేస్తాడు. ట్యాంక్ లోపల నీళ్లని కదిలించే ఫ్లో అంతా రిటర్న్ పంప్‌తోనే తెద్దామని చూడకండి. అది వేవ్‌మేకర్ పని.

రిటర్న్ పంప్ డబ్బా మీద ఉన్న 3000 ఎల్‌పీహెచ్, అంటే గంటకి 3000 లీటర్లు అనే అంకె, ఎత్తు ఏమీ లేకుండా, పైపు కూడా లేకుండా, నీళ్లలో పంప్ ఊరికే తిరిగినప్పటిది. డబ్బా పక్కనే చిన్న అక్షరాల్లో 'హెచ్-మ్యాక్స్ 3 మీటర్లు' అని ఉంటుంది. అంటే మూడు మీటర్ల ఎత్తుకి ఆ పంప్ ఇచ్చేది సున్నా అని అర్థం. మన సంప్ నుంచి ట్యాంక్ అంచు దాకా దాదాపు మీటరున్నర ఉంటుంది. మధ్యలో రెండు మూడు ఎల్బోలు. దాదాపు సగం అక్కడే పోతుంది. 25 మిల్లీమీటర్ల అవుట్‌లెట్‌కి 20 పైపు బిగించారా, ఇంకొంచెం పోయింది. ఎల్బో తప్పదనుకుంటే 90 డిగ్రీలది ఒక్కటి కాకుండా 45వి రెండు వాడండి, నీళ్లకి మలుపు తేలికవుతుంది.

ఊహతో పనిలేదు, కొలవొచ్చు. 5 లీటర్ల చిన్న బకెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. సబ్బు తగలని కొత్తది. రిటర్న్ నాజిల్ చివర తీసి, పైపుని ట్యాంక్ అంచు ఎత్తులోనే పట్టుకుని బకెట్‌లోకి వదలండి. కిందికి దించి పడితే లెక్క తప్పుతుంది, ఎత్తు తగ్గితే పంప్ ఎక్కువ ఇస్తుంది కదా. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. 10 సెకన్లలో నిండితే గంటకి 1800 లీటర్లు. 18 సెకన్లు పడితే వెయ్యి. '3000' పంప్ 1800 ఇచ్చిందని చూపించినప్పుడు కస్టమర్ మొహంలో కనిపించే ఆశ్చర్యం చూడాల్సిందే. అక్కడి నుంచి మీ మాటకి విలువ వస్తుంది. ఫ్లో ఎక్కువైతే తగ్గించడానికి వాల్వ్ పైకి వెళ్లే పైపు మీద పెట్టాలి. పంప్ పీల్చుకునే వైపు ఎప్పుడూ బిగించొద్దు, ఇంపెల్లర్ ఆకలితో గిలగిల్లాడి బుడగలు కక్కుతుంది. డీసీ పంపైతే ఈ బాధ లేదు, కంట్రోలర్‌లో తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు వేవ్‌మేకర్. ఇక్కడ మన వృత్తిలో అందరూ చెప్పుకునే ఒక కొండగుర్తు ఉంది. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకి మొత్తం ఫ్లో గంటకి 10 నుంచి 15 రెట్లు. మెత్తటి పగడాలుంటే 10 నుంచి 20. పెద్ద పాలిప్‌లున్న రాతి పగడాలకి 20, 30. చిన్న పాలిప్‌ల అక్రోపోరా లాంటి వాటికి 40, ఆ పైన. దీన్ని సూత్రంలా కంఠతా పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. నేనైతే దీన్ని బట్టల కొట్లో సైజు నంబర్‌లాగే చూస్తాను. 40 సైజు తియ్యమంటాను, కానీ తొడిగి చూడకుండా ప్యాక్ చెయ్యనివ్వను.

ఒకే 4000 లీటర్ల అంకె రెండు పంపుల మీద ఉన్నా అవి ఒకటి కావు. పాతకాలపు పవర్‌హెడ్ సన్నటి నాజిల్ లోంచి నీళ్లని తోటకి నీళ్లు పెట్టే గొట్టంలా చిమ్ముతుంది. ఎదురుగా జాన బెత్తెడు చోట బలంగా తగులుతుంది, పక్కన ఏమీ ఉండదు. ప్రొపెల్లర్ వేవ్‌మేకర్ పెద్ద రెక్కతో నెమ్మదిగా, వెడల్పుగా తోస్తుంది. టుంజె, జెబావో, ఎకోటెక్ వాళ్ల వోర్‌టెక్ ఇవన్నీ ఈ కోవలోవే. వోర్‌టెక్‌లో మోటారు అద్దం బయట ఉంటుంది, లోపలి రెక్కని అయస్కాంతంతో తిప్పుతుంది. మ్యాక్స్‌పెక్ట్ గైర్ లాంటివి రోలర్‌లా తిరిగి వెడల్పాటి పొరగా నీళ్లని తోస్తాయి, పొడవాటి ట్యాంకుల్లో బాగుంటాయి. కంపెనీ ఏదన్నది కస్టమర్ జేబుని బట్టి. మీరు చూడాల్సింది రెండు: నీళ్లు వెడల్పుగా వస్తున్నాయా, బలం తగ్గించే వీలుందా. మూడోది కూడా ఉంది, అయస్కాంతం ఆ అద్దం మందానికి సరిపోతుందా అని. 12 మిల్లీమీటర్ల అద్దానికి, 8 మిల్లీమీటర్ల అద్దానికి సరిపోయే అయస్కాంతం పెట్టి వచ్చాడొకడు. రాత్రి అది జారి ఇసుక మీద పడి, తెల్లారేసరికి కింద అద్దం కనిపించేలా గొయ్యి తవ్వేసింది. నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. చేప ఏ మూలనుందో కూడా తెలియలేదు.

మంచినీటి పంప్ ఏదో మిగిలింది కదా అని ఉప్పునీళ్లలో వెయ్యొద్దు. లోపల ఇనుప కడ్డీ ఉంటే తుప్పు పడుతుంది. సెరామిక్ కడ్డీ ఉన్నదే కావాలి. పైపు బిగించే క్లిప్పులు కూడా ప్లాస్టిక్‌వే.

ఎక్కడ పెట్టాలి అన్నది అన్నిటికంటే పెద్ద విషయం. రెండు చిన్న వేవ్‌మేకర్లు ఒక పెద్దదాని కంటే మేలు, ఇది నా గట్టి అభిప్రాయం. ట్యాంకు రెండు చివరలా ఒక్కోటి పెట్టండి. ఒకదాన్ని ఒకటి సూటిగా కొట్టుకోకుండా కొంచెం పక్కకి తిప్పండి. రెండు ధారలు మధ్యలో కలిసి విరిగిపోవాలి. అక్కడే సుళ్లు పుట్టి అన్ని వైపులకీ చెదురుతాయి. సముద్రంలో అల రాయికి తగిలి విరిగేది కూడా ఇలాగే. రెంటినీ ఒకే వేగంతో నిరంతరం తిప్పకండి. కంట్రోలర్‌లో 'ర్యాండమ్' ఉంటే అదే పెట్టండి, రాత్రికి బలం సగం చెయ్యండి. మరీ పైకి పెడితే నీళ్ల మీద సుడి తిరిగి గాలి పీల్చి ట్యాంకంతా సన్నటి బుడగలు. మరీ కిందైతే ఇసుక తుఫాను.

రాళ్లు పేర్చేటప్పుడే ఫ్లో గురించి ఆలోచించాలి. వెనక అద్దానికి ఆనించి గోడలా కట్టేస్తే ఏ పంపూ ఏమీ చెయ్యలేదు. చెయ్యి దూరేంత సందు వెనకాల వదలండి. మధ్యలో గుహలు, కిటికీలు వదలండి. సర్వీసుకి వెళ్లినప్పుడు అద్దం తుడవడానికి మీ చెయ్యి పట్టాలి కూడా.

ఇక తొడిగి చూడటం అన్నాను కదా, అది ఇలా చెయ్యండి. చిటికెడు పెల్లెట్ తిండిని నలిపి, ట్యాంకు నీళ్లలో నానబెట్టి, పంపులన్నీ నడుస్తుండగా వేవ్‌మేకర్ దగ్గర వదలండి. అద్దం మీద ముందే ఒక అడుగు దూరంలో రెండు చోట్ల టేప్ ముక్కలు అంటించండి. ఆ నలకలు ఒక టేప్ నుంచి ఇంకో టేప్‌కి ఎన్ని సెకన్లలో చేరుతున్నాయో చూడండి. మూడు సెకన్లంటే సెకనుకి పది సెంటీమీటర్ల వేగం. మామూలు చేపల ట్యాంకు మధ్యలో నాకు అదే ఇష్టం. తర్వాత నలకల్ని వదిలెయ్యకుండా చూస్తూ ఉండండి. ఏ మూలకి వెళ్లి ఆగిపోతాయో ఆ మూలే మూడు నెలల తర్వాత ఎర్ర జిగురు పట్టే చోటు. సయనోబ్యాక్టీరియా అనే ఆ జిగురు మడ్డి పేరుకున్న చోట, నీళ్లు నిలబడ్డ చోట సుఖంగా ఉంటుంది. నెలనెలా వచ్చి దాన్ని పీల్చి పారేసి డబ్బులు తీసుకోవచ్చు. పంప్‌ని ఒక అంగుళం తిప్పి అసలు రాకుండానూ చెయ్యొచ్చు. రెండోది చేసినవాడికే పక్క ఫ్లాట్ వాళ్ల పని కూడా దొరుకుతుంది.

నాకు సరైన ఫ్లో అంటే తూర్పారబట్టడం గుర్తొస్తుంది. చేటలోంచి ధాన్యం వదిలినప్పుడు గాలి తాలును మోసుకుపోవాలి, గింజ కాళ్ల దగ్గరే పడాలి. గాలి తక్కువైతే తాలు గింజతోనే పడుతుంది. ఎక్కువైతే గింజా ఎగిరిపోతుంది. ట్యాంకులో కూడా మడ్డి లేచి ఓవర్‌ఫ్లో వైపు పోవాలి, ఇసుక కదలకూడదు. సన్నటి పంచదారలాంటి ఇసుక వేసుకున్న కస్టమర్‌కి ముందే చెప్పండి, అక్రోపోరా ఫ్లో ఆ ఇసుకతో కుదరదని. గట్టి ఫ్లో కావాలంటే రెండు మిల్లీమీటర్ల ముతక ఇసుక వేసుకోవాల్సిందే.

చేపల్ని చూసినా తెలుస్తుంది. తోక ఊపుతూ ఉన్నచోటే నిలబడిపోయి, మేత కోసం కూడా ముందుకి రాని చేపకి ఫ్లో ఎక్కువైంది. పైకొచ్చి నోరు తెరుస్తూ గాలి మింగుతున్నవాటికి ఆక్సిజన్ తక్కువైంది. క్లౌన్ చేపలు అసలే మంచి ఈతగాళ్లు కావు. తమిళనాడు మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) కేంద్రం వాటిని హేచరీలో పెంచే పద్ధతిని స్థిరపరిచింది. నిశ్చలమైన తొట్టెల్లో పుట్టి పెరిగిన పిల్లని తెచ్చి తొలిరోజే ఫుల్ స్పీడ్‌లో వదిలితే ఒక మూలకి అతుక్కుపోతుంది. మొదటి వారం వేగం తగ్గించి, రోజు రోజుకీ పెంచండి. అదే సర్జన్ చేప జాతివి, టాంగ్‌లంటారు చూడండి, వాటికి ఉరవడికి ఎదురీదటమే వ్యాయామం. అనిమోన్ ఉంటే వేరే జాగ్రత్త. నచ్చని చోట అది నిలబడదు, నడిచి వెళ్లిపోతుంది. నడుస్తూ నడుస్తూ వేవ్‌మేకర్ రెక్కలోకి వెళ్లిందంటే ట్యాంకంతా దాని ముక్కలే. అనిమోన్ ఉన్న ఇంట్లో వేవ్‌మేకర్‌కి జాలీ తొడగకుండా నేను బయటికి రాను.

పగడాల గురించి మన దగ్గర ఒక మాట కచ్చితంగా చెప్పాలి. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికున్న రక్షణే వాటికీ ఉంది. "ఎవరో తెచ్చిస్తానన్నారు, నువ్వు సెట్ చేసిపెట్టు" అని కస్టమర్ ఎంత మర్యాదగా అడిగినా చెయ్యి పెట్టొద్దు. కేసు వాళ్ల మీద పడినప్పుడు మీ పేరూ వస్తుంది. సీహార్స్‌కీ అదే చట్టం రక్షణ ఉంది. మిగతావి కూడా కొన్న బిల్లు, కాగితాలు చూశాకే ముట్టుకోండి. అందుకే మన ఊళ్లో మనకొచ్చే పని చాలావరకు చేపల ట్యాంకులే, పది పన్నెండు రెట్ల పనే.

కానీ పగడాల ఫ్లో నేర్చుకోవడం దండగ కాదు. నా పాత కస్టమర్ ఒకాయన డాలస్ వెళ్లి అక్కడ చట్టబద్ధంగా ఫార్మ్‌లో పెంచిన పగడాలు కొని పెట్టుకున్నాడు. ఆదివారాలు వీడియో కాల్ చేసి ట్యాంక్ చూపిస్తాడు. ఆయన హ్యామర్ పగడం చర్మం ఒకవైపు చిరిగింది. చూస్తే వేవ్‌మేకర్ దానికి అడుగు దూరంలో, సూటిగా. అదే బలాన్ని ఎదురు అద్దానికి కొట్టించి, తిరిగొచ్చే నీళ్లు దానికి తగిలేలా చేయించాను. రెండు వారాల్లో కోలుకుంది. వరిచేను గాలికి ఊగినట్టు ఊగాలి అది. ఒకే పక్కకి వంగి ఉండిపోతే తప్పు జరుగుతున్నట్టే.

పగడానికి ఫ్లో ఎందుకంత ముఖ్యమో చెబితే ఆయనకి బాగా అర్థమైంది. చెమట పట్టిన ఒంటికి ఫ్యాన్ గాలి తగిలితే ఎందుకు చల్లబడుతుంది? ఒంటికి అంటుకుని ఉన్న తేమగాలిని ఫ్యాన్ తీసేస్తుంది కాబట్టి. పగడం ఒంటికీ అలాగే కదలని నీటి పొర ఒకటి పాల మీద మీగడలా అంటుకుని ఉంటుంది. ఆహారం లోపలికి రావాలన్నా, పగటి వెలుతురులో దాని లోపలి శైవలాలు ఎక్కువగా తయారుచేసే ఆక్సిజన్ బయటికి పోవాలన్నా ఆ పొర పలచబడాలి. 1998లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోయినప్పుడు, నీళ్లు వేగంగా కదిలిన చోట ఉన్నవి ఎందుకు ఎక్కువగా బతికాయో నకమురా, వాన్ వోసిక్ అనే శాస్త్రజ్ఞులు 2001లో ఒకినావా పగడాల మీద చేసిన పనితో కొంతవరకు వివరించారు. కారణం ఈ పొరే.

మనది ఏసీ ఊరు కాబట్టి ఇంకొకటి. రిటర్న్ నాజిల్‌ని కొంచెం పైకి తిప్పి నీళ్ల ఉపరితలం ఎప్పుడూ ముడతలు పడుతూ ఉండేలా చూడండి. గాలి మార్పిడి అక్కడే జరుగుతుంది. కానీ కిటికీలన్నీ బిగించి, నలుగురు మనుషులు, ఒక కుక్క పడుకునే గదిలో గాలే కార్బన్ డయాక్సైడ్‌తో నిండి ఉంటే ఎంత అల రేపినా నీళ్ల పీహెచ్ కిందికే దిగుతుంది. తెల్లవారుజామున 7.8, సాయంత్రం 8.2 కనిపిస్తే పంప్‌ని తిట్టకండి. రోజూ కాసేపు కిటికీ తియ్యమనండి.

ఇప్పుడు నా పరువు తీసిన రోజు గురించి. మొదట్లో, ఒక కొత్త ఫ్లాట్. అయిదు రోజుల క్రితమే చెక్క ఫ్లోరింగ్ వేయించుకున్నారు. రిటర్న్ నాజిల్ నీళ్ల మీద చప్పుడు చేస్తోందని మేడమ్ అంటే నాలుగంగుళాల లోతుకి దించేశాను. చప్పుడు పోయింది, టీ కూడా ఇచ్చారు. అర్ధరాత్రి కరెంట్ పోయింది. పంప్ ఆగగానే ఆ నాజిలే నోరు తెరిచి ట్యాంకు నీళ్లని వెనక్కి పీల్చడం మొదలుపెట్టింది. సైఫన్ కదా, నీళ్లు నాజిల్ కంటే కిందికి దిగేదాకా ఆగదు. నాలుగడుగుల ట్యాంకులో ఒక్కో అంగుళం 14 లీటర్లు. నాలుగంగుళాలంటే 56. సంప్‌లో ఖాళీ ఉన్నది 20 లీటర్లకే. మిగతా ఉప్పునీళ్లు ఎక్కడికెళ్లాయో చెప్పక్కర్లేదు. చెక్క పలకలు పొంగి పడవల్లా లేచాయి. 'చెక్ వాల్వ్ ఉందిగా' అనుకున్నాను. ఉంది, కానీ దాని పెదవుల మధ్య ఉప్పు గడ్డ పట్టి సగం తెరుచుకునే ఉండిపోయింది. ఆ ఫ్లోరింగ్ డబ్బు నేను మూడు వాయిదాల్లో కట్టాను.

అప్పటి నుంచి నాజిల్ నీటి మట్టానికి అంగుళం లోపే. దాని పక్కన, నీటి అంచు దగ్గర సైఫన్ తెంచడానికి చిన్న రంధ్రం. ఆ రంధ్రానికి నాచు పడుతుంది, ఒక్కోసారి నత్త కూర్చుంటుంది, కాబట్టి వెళ్లినప్పుడల్లా టూత్‌పిక్‌తో పొడిచి చూస్తాను.

కరెంట్ పోయినప్పటి మాట ఇంకా ఉంది. కస్టమర్ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దేన్ని దానికి కలపాలని అడుగుతారు. లైట్ కాదు, స్కిమ్మర్ కాదు. ఒక వేవ్‌మేకర్. నీళ్ల పైభాగం కదులుతూ ఉంటే చేపలు రాత్రి గడుపుతాయి. కదలని నీళ్లలో వేసవి రాత్రి, నిండుగా చేపలున్న ట్యాంకైతే కొన్ని గంటల్లోనే కష్టం మొదలవుతుంది. చవక స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు రొద పెడతాయి, వేడెక్కుతాయి. 24 వోల్టుల డీసీ వేవ్‌మేకర్‌కి బ్యాటరీ బ్యాకప్ ఉన్నది దొరికితే దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. ఖర్చు గురించి భయపడే వాళ్లకి లెక్క చూపించండి: 40 వాట్ల పంప్ రోజంతా తిరిగితే నెలకి దాదాపు 29 యూనిట్లు. పెద్ద పంప్ వద్దనడానికి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. నీళ్లలో ఉన్న పంప్ తిన్న కరెంట్‌లో ఎక్కువ భాగం వేడిగా ఆ నీళ్లలోకే పోతుంది, ఆ వేడి దించడానికి చిల్లర్ ఇంకాస్త కరెంట్ తింటుంది.

మీ ప్రాణం గురించి ఒక్క మాట. ఉప్పునీళ్లలోకి చెయ్యి పెట్టేముందు అన్ని స్విచ్‌లూ ఆపండి, ప్లగ్‌లు పీకండి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా ఉండాలి, జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అది పెట్టించుకున్నాకే పని మొదలుపెడతానని చెప్పండి. మొహమాటపడొద్దు.

ఎంత బాగా అమర్చినా ఫ్లో తగ్గుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియకుండా. ఇంపెల్లర్ చుట్టూ కాల్షియం పెచ్చులు కడుతుంది, జాలీలో నాచు పడుతుంది. రోజూ చూసే కళ్లకి తేడా కనిపించదు. అందుకే మొదటి రోజు బకెట్ లెక్క, టేప్ లెక్క రెండూ తేదీతో తలుపు మీద రాయమంటున్నాను. మూడు నెలల తర్వాత 10 సెకన్ల బకెట్ 15 సెకన్లు పట్టిందంటే పంప్ విప్పాల్సిందే. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి, అందులో రెక్క, మోటారు గంట సేపు నడిపితే పెచ్చులు నురగలా ఊడిపోతాయి. తర్వాత మంచినీళ్లలో రెండు సార్లు కడగండి. కస్టమర్‌కి పాత పంప్ పాడైందని కొత్తది అమ్మడం సులువే. నా దగ్గర పనిచేసిన ఒకడు అలాగే చేసేవాడు. ఒక కస్టమర్ ఇంట్లో పనిచేసే పిల్లాడు యూట్యూబ్‌లో చూసి ఆ 'పాడైన' పంప్‌ని నిమ్మ ఉప్పులో ముంచి తిప్పి చూపించాడు. ఆ అపార్ట్‌మెంట్‌లో ఐదు ట్యాంకుల పని ఒక్కరోజులో పోయింది.

పనైపోయి బయల్దేరేముందు నేను చేసేది ఒకటుంది. ఎంత ఆలస్యమైనా సరే చేస్తాను. మెయిన్ ప్లగ్ పీకేసి, సంప్ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. పైనుంచి నీళ్లు దిగుతూ ఉంటాయి. సంప్ అద్దం మీద గీసిన నల్ల గీత దాకా వచ్చి ఆగాలి. ఐదు నిమిషాలు చూస్తాను. మేడమ్ వచ్చి "ఏమైంది, కరెంట్ పోయిందా?" అని అడుగుతారు. "లేదండీ, పోతే ఏమవుతుందో చూస్తున్నా" అంటాను. నీళ్లు గీత దగ్గర ఆగాక ప్లగ్ పెట్టి, పంప్ తిరిగి నీళ్లు అందుకున్న చప్పుడు విని, చెప్పులేసుకుంటాను.